సగంలో దర్శకుడు మారిన సినిమాకి టైటిల్ కార్డు ఎలా వేయాలి?

ఎడిటింగ్, దర్శకత్వ శాఖల్లో ఉన్నవాళ్లు, సినిమా ఒప్పందాలు రాసే లాయర్లు సలహా ఇవ్వండి.

షూటింగ్ మొత్తం 52 రోజులు. 36 రోజులు మొదటి దర్శకుడు తీశారు, స్క్రిప్టూ ఆయనదే. మిగతా 16 రోజులు, డబ్బింగ్, ఫైనల్ కట్ రెండో ఆయనవి. రోజులు లెక్కేస్తే మొదటాయనదే ఎక్కువ. ఎడిట్ టైమ్‌లైన్‌లో మాత్రం ఆ లెక్క నిలవడం లేదు. ఇంటర్వెల్ సీన్‌నే చూడండి: వైడ్ షాట్లు మొదటాయనవి, హీరోయిన్ క్లోజప్పులన్నీ తర్వాత తీసినవి. డైలాగు కూడా డబ్బింగ్‌లో మారింది. ఆ సీను ఎవరిదనాలి?

1957 కాపీరైట్ చట్టం లెక్కన సినిమాకి కర్త నిర్మాతే. కాబట్టి దర్శకుడి పేరుకి ఒప్పందమే ప్రధాన ఆధారం. ఇక్కడ మొదటి ఒప్పందంలో 'దర్శకత్వం' అని ఉంది గానీ, మధ్యలో తప్పుకుంటే ఏమిటన్న క్లాజు లేదు. గొడవంతా అక్కడే.

'అల్లూరి సీతారామరాజు' (1974) మధ్యలో వి. రామచంద్రరావు గారు చనిపోతే మిగతాది కృష్ణ గారు పూర్తిచేసి, దర్శకుడిగా రామచంద్రరావు గారి పేరే ఉంచారు. 'మణికర్ణిక' (2019)కి క్రిష్, కంగనా ఇద్దరి పేర్లూ పడ్డాయి. 'బొహీమియన్ రాప్సొడీ' (2018) పూర్తిచేసిన డెక్స్టర్ ఫ్లెచర్‌కి దర్శకుడి కార్డే రాలేదు. మన దగ్గర మొదటి పద్ధతి మర్యాదగా అనిపిస్తుంది, కానీ బతికున్న ఇద్దరి మధ్య అది కుదరదు.

ఒకే కార్డు మీద రెండు పేర్లా, 'కథ, స్క్రీన్‌ప్లే' వేరు చేసి రెండు కార్డులా? పేర్ల వరస, అక్షరాల సైజు, పోస్టర్ మీద పేర్లు ఒప్పందంలో ఏ మాటల్లో రాయాలి? సెన్సార్ కాపీ వెళ్లేలోపు తేలాలి, తర్వాత టైటిల్స్ మారిస్తే మళ్లీ బోర్డుకి చెప్పాలి. ఇలాంటి క్లాజు రాసినవాళ్లు దాని వాక్యం పంచుకుంటే చాలా మేలు.