ఎయిర్‌పోర్ట్ చుట్టుపక్కల 5జీ టవర్లకి ఇంత దూరం ఎందుకు?

నమస్తే అండీ. ఏవియానిక్స్‌లో (విమానాల ఎలక్ట్రానిక్స్) గానీ టెలికాం కంపెనీల్లో టవర్ ప్లానింగ్‌లో గానీ పనిచేసేవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి.

మా ఇల్లు శంషాబాద్ రన్‌వేకి దగ్గర. ఇంట్లో ఫోన్ 4జీ దాటదు, రెండు వీధులు అవతలికెళ్తే 5జీ వచ్చేస్తుంది. ఆరా తీస్తే 2022 నవంబరులో టెలికాం శాఖ ఇచ్చిన ఆదేశం కనబడింది. రన్‌వే చివరల నుంచి 2.1 కిలోమీటర్లు, మధ్యగీతకి అటూ ఇటూ 910 మీటర్ల లోపు 3.3-3.67 గిగాహెర్ట్జ్ 5జీ టవర్లు పెట్టకూడదట.

కారణం విమానంలోని రేడియో ఆల్టీమీటర్. 4.2-4.4 గిగాహెర్ట్జ్‌లో కిందికి సిగ్నల్ పంపి, నేలకి తగిలి తిరిగొచ్చినదాన్ని బట్టి ఎత్తు లెక్కగడుతుంది. పొగమంచులో దిగేటప్పుడు దాని లెక్క తప్పితే ఇంకేమన్నా ఉందా! అంతవరకు ఒప్పుకుంటా.

కానీ 2022 జనవరిలో ఇదే విషయమై అంత గొడవ జరిగిన అమెరికాలో 5జీ 3.98 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది, ఆల్టీమీటర్ బ్యాండ్‌కి మధ్యలో ఖాళీ 220 మెగాహెర్ట్జే. మనకి 530 ఉంది. అయినా ఇంత దూరం దేనికి? పాత ఆల్టీమీటర్లలో పక్క సిగ్నళ్లని ఆపే ఫిల్టర్లు మరీ అంత బలహీనమా? అవి మార్చేస్తే ఆంక్షలు ఎత్తేస్తారా?

ఇంకోటి, 700 మెగాహెర్ట్జ్ 5జీకి ఈ గొడవ లేదు కదా, ఆ బ్యాండ్ ఉన్న సిమ్‌కి మారితే ఇంట్లో సిగ్నల్ వస్తుందంటారా?