బీపీకి కారణం ఆవకాయా, నైట్ షిఫ్టా?

నైట్‌డ్యూటీ: నాకు 36 ఏళ్లు. హైదరాబాద్ కాల్ సెంటర్‌లో ఆరేళ్లుగా రాత్రి షిఫ్ట్. మొన్న హెల్త్ చెకప్‌లో బీపీ 152/96 వచ్చింది. డాక్టర్ "ఉప్పు తగ్గించండి, నడవండి" అని రెండు నిమిషాల్లో పంపించేశారు. షిఫ్ట్ గురించి ఒక్క మాట అడగలేదు. ఉద్యోగాలే మనకు బీపీ తెస్తున్నాయని నా నమ్మకం. మీరేమంటారు?

గోదారిగట్టు: ముందు మీ ఇంట్లో ఉప్పు ప్యాకెట్ ఎన్నాళ్లు వస్తోందో చూడండి. మనిషికి రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ లెక్కన నలుగురికి కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి. మా ఇంట్లో 20 రోజులకే అయిపోయేది, అదీ ఆవకాయలో వేసింది కాకుండా.

నైట్‌డ్యూటీ: షిఫ్ట్ గురించి అడిగితే ఉప్పు ప్యాకెట్లు లెక్కపెడతారేంటండీ? నిద్రలో బీపీ 10 నుంచి 20 శాతం దిగాలి. నేను పగలు కర్టెన్లు వేసుకుని పడుకుంటే పక్కింట్లో మిక్సీ, కింద కూరగాయల బండి మైకు. నాలుగు గంటలు నిద్రపడితే గొప్ప. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని 2021లో చెప్పింది కూడా మీ ప్రపంచ ఆరోగ్య సంస్థే, అంతర్జాతీయ కార్మిక సంస్థతో కలిసి.

రమణి: బీపీ ఎలా చూశారు? మెట్లెక్కి రాగానే పట్టీ చుట్టేశారా? ఐదు నిమిషాలు కూర్చున్నాక చూడాలి. ఇంకో రెండు మూడు రోజులు చూపించుకోండి.

శీను_బెజవాడ: నొప్పి మాత్రలు రోజూ వేసుకుంటే కూడా బీపీ పెరుగుతుంది. మా బావకు అదే.

గోదారిగట్టు: 55 గంటలవాళ్లు అర్ధరాత్రి ఏం తింటున్నారో అదీ రాయండి. నూడుల్స్, బజ్జీలు, సిగరెట్లు. అవి ఎవరూ బలవంతంగా నోట్లో కుక్కరు.

నైట్‌డ్యూటీ: రెండు గంటలప్పుడు మా క్యాంటీన్‌లో ఇంకేమీ ఉండదు! షిఫ్ట్ మార్చమని మూడుసార్లు మెయిల్ పెట్టాను, జవాబు లేదు. తప్పంతా నా నోటిదేనా? కంపెనీలను ఎందుకింత వెనకేసుకొస్తున్నారు?

గోదారిగట్టు: నేను ఎవరినీ వెనకేసుకు రాలేదు. మా తమ్ముడూ ఇలాగే అనేవాడు, "ఈ ఉద్యోగం మానేస్తే బీపీ అదే పోతుంది అన్నయ్యా" అని. స్ట్రిప్‌లో మూడు మాత్రలు వేసుకుని మిగతావి బీరువా మీద పడేశాడు. ఉద్యోగం మానకముందే, 41 ఏళ్లకు కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. ఆ స్ట్రిప్ నా చేతికే దొరికింది. మీరు ఉద్యోగం, ఉద్యోగం అంటుంటే నాకు వాడి గొంతే వినిపిస్తోంది. షిఫ్ట్ మారేదాకా ఆగకండి, అదే నా బాధ.

నైట్‌డ్యూటీ: వింటుంటే కడుపు తరుక్కుపోతోందండీ. రేపే మళ్లీ చూపించుకుంటాను, మాత్రలు రాస్తే మానను. కానీ ఒక్కటి చెప్పండి. మీ తమ్ముడితో రోజుకు ఎన్ని గంటలు పనిచేయించేవారు?

గోదారిగట్టు: పద్నాలుగు. పండగలకూ సెలవు లేదు.