తమ్ముడికి బిడ్డ పుట్టబోతోంది: అమ్మను ఆరు నెలలు అమెరికా పంపడం సరైనదేనా?

కృష్ణలంక_అక్క
మా తమ్ముడు, మరదలు టెక్సస్‌లో ఫ్రిస్కోలో ఉంటారు. అక్టోబర్‌లో మరదలికి నెలలు నిండుతాయి. పుట్టింటివాళ్లు పురుడు పోయాలి గానీ వాళ్లమ్మగారికి ఈమధ్యే మోకాలి ఆపరేషన్ అయింది. అందుకని మా అమ్మను ఆరు నెలలు రమ్మంటున్నారు. అమ్మకు 63 ఏళ్లు. తమ్ముడి ఎమ్మెస్ కాన్వొకేషన్‌కి అమ్మానాన్నా వెళ్లొచ్చారు కాబట్టి పదేళ్ల విజిటర్ వీసా ఉంది. నాన్నకు 71. షుగర్ ఉంది, గుండెకు స్టెంట్ వేశారు. ఆయనకు అక్కడ పనికొచ్చే ఇన్సూరెన్స్ దొరకదని, అమ్మను ఒక్కదాన్నే పంపమని తమ్ముడు అంటున్నాడు. అమ్మకు ఇంగ్లీషు రాదు, దోహాలో విమానం మారాలి. ఆరు నెలలు నిజంగా అవసరమా? వెళ్లొచ్చినవాళ్లు, పిలిపించుకున్నవాళ్లు చెప్పండి.

హనుమకొండ_బుజ్జి
టికెట్ బుక్ చేసేటప్పుడే వీల్‌చెయిర్ పెట్టించండి అక్కా. శంషాబాద్ నుంచి డల్లాస్ దాకా వాళ్లే చేయి పట్టుకొని తీసుకపోతరు. మా అత్తమ్మ అట్లనే పోయొచ్చింది.

ఫ్రిస్కో_నాన్న
అవసరమే అక్కా. నేనూ అదే ఊళ్లో ఉంటాను, ఇద్దరు పిల్లలు. జీతంతో ప్రసూతి సెలవు ఇచ్చి తీరాలని ప్రైవేటు కంపెనీలకు చెప్పే కేంద్ర చట్టం అమెరికాలో లేదు. 1993లో వచ్చిన ఎఫ్‌ఎమ్‌ఎల్‌ఏ అనే కుటుంబ, వైద్య సెలవుల చట్టం ప్రకారం దొరికేది 12 వారాలు, అదీ జీతం లేకుండా. కంపెనీలో కనీసం 50 మంది ఉండాలి, మీ మరదలు అక్కడ ఏడాది పనిచేసి ఉండాలి. ఇండియాలో 2017 నుంచి 26 వారాలు జీతంతో ఇస్తున్నారు. ఆ తేడా చూడండి. సిజేరియన్ అయినా మూడు నాలుగు రోజులకే ఇంటికి పంపేస్తారు. ఆ తర్వాత పగలూ రాత్రీ రెండు మూడు గంటలకోసారి పాలు, గుడ్డలు, బాలింతకు పథ్యం. ఇక్కడ పక్కింటి పిన్నిగారు ఉండరు, పనమ్మాయి రాదు. డేకేర్లు సాధారణంగా ఆరు వారాలు నిండితే గానీ తీసుకోవు. మా వైపు చంటిబిడ్డకు నెలకు రెండు వేల డాలర్ల దాకా అవుతుంది. డబ్బు సంగతి పక్కన పెట్టండి. కుట్లు మానని తల్లిని, మెడ నిలవని బిడ్డను వదిలి మొగుడు ఆఫీసుకు వెళ్లాలంటే ప్రాణం ఎంత కొట్టుకుంటుందో ఇక్కడున్నవాళ్లకే తెలుసు. మీ అమ్మగారిని పంపండి.

తెనాలి_మాస్టారు
అమ్మా, నేను రిటైర్డ్ హెడ్మాస్టరును. నేనూ మా ఆవిడా చికాగో దగ్గర నేపర్‌విల్‌లో మా అమ్మాయి దగ్గర ఉండి వచ్చాం. మనవడిని ఎత్తుకున్న సంతోషానికి వెల కట్టలేను. కానీ మిగతా రోజంతా ఎలా గడుస్తుందో మీకు ఎవరూ చెప్పరు. కారు లేకపోతే కాలు బయట పెట్టలేం. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగున్నరకే చీకటి. మాట్లాడే మనిషి లేడు, పేపరు లేదు. మా ఆవిడ తెనాలిలో వీధి వీధంతా తిరిగి పలకరించే మనిషి, అక్కడ కిటికీ దగ్గర కూర్చుని మంచు చూసేది. పైగా ఏ పని చేసినా తప్పే. నలుగు పెట్టొద్దన్నారు, సాంబ్రాణి పొగ వద్దన్నారు, ఉగ్గు వద్దన్నారు. మూడు నెలలు దాటి ఎవరినీ ఉంచకూడదు, అది నా గట్టి అభిప్రాయం.

ఫ్రిస్కో_నాన్న
మాస్టారూ, చికాగో చలిని టెక్సస్‌కి అంటగట్టకండి. ఇక్కడ నవంబరులో కూడా చాలా రోజులు సాయంత్రం నడకకు వెళ్లొచ్చు. కార్యసిద్ధి హనుమాన్ గుడి ఉంది, శనివారం వెళ్తే మన ఊరి పెద్దవాళ్లు ఎంతోమంది కలుస్తారు. పిల్లల డాక్టరు వద్దన్న పనుల వెనక కారణం ఉంటుంది. బొడ్డు ఊడేదాకా ఒళ్లు తుడవమంటారు, నీళ్లు పోయొద్దంటారు. వెల్లకిలా పడుకోబెట్టాలి, దిండు పెట్టకూడదు. ఏడాది లోపు తేనె నాకించకూడదు, బాట్యులిజం అనే జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. అక్కా, మీ అమ్మగారికి బయలుదేరడానికి కనీసం రెండు వారాల ముందు టీడాప్ టీకా వేయించండి, కోరింత దగ్గు చంటిబిడ్డలకు చాలా ప్రమాదం.

ఐ94_గురూ
అందరూ అసలు విషయం వదిలేశారు. వీసా పదేళ్లున్నా, ఒక్కో విడత ఎన్నాళ్లు ఉండాలో ఎయిర్‌పోర్టులో అధికారి నిర్ణయిస్తాడు. మామూలుగా ఆరు నెలలు ఇస్తారు, ఇవ్వాలని రూలు లేదు. ఐ-94 అనే ప్రవేశ రికార్డులో ఉన్న తేదీయే లెక్క. డల్లాస్‌లో దిగాక "ఎందుకొచ్చారు" అంటే అమ్మగారు ఏం చెబుతారు? "బిడ్డను చూసుకోవడానికి" అంటే అది ఆయాపని కింద తీసుకుని వెనక్కి పంపే అవకాశం ఉంది.

తెనాలి_మాస్టారు
సొంత మనవణ్ణి ఎత్తుకోవడం ఉద్యోగమా? మాకు ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

ఐ94_గురూ
మీకు వేయలేదు, ఇంకొకరికి వేస్తారు. జీతం తీసుకోకుండా కుటుంబాన్ని చూడటానికి వచ్చి బిడ్డను ఎత్తుకుంటే ఇబ్బంది లేదు. కానీ "కోడలు ఆఫీసుకు వెళ్తే నేనే చూసుకోవాలి" అనేసరికి అక్కడ దొరికే పనిమనిషి బదులు వచ్చినట్టు అర్థమవుతుంది.

హనుమకొండ_బుజ్జి
మరి మనవడిని చూడనీకి వచ్చిన అని చెప్తే సరిపోతది కద.

ఐ94_గురూ
సరిపోతుంది, అది నిజం కూడా. అబద్ధం మాత్రం వద్దు. ఊరు చూడటానికి వచ్చానని చెప్పి, ఫోన్‌లో కొడుకు మెసేజీలు వేరేలా ఉంటే తప్పుడు సమాచారం కింద జీవితాంతం నిషేధం పడే సెక్షన్ ఉంది. అమ్మగారికి తెలుగు అనువాదకుణ్ణి అడిగే వీలుందని చెప్పండి. వచ్చీరాని ఇంగ్లీషులో తలూపడం వల్లే గొడవలు.

ఫ్రిస్కో_నాన్న
ఇలా భయపెట్టి పెద్దవాళ్లను రాకుండా ఆపేస్తున్నారు. మా అమ్మ, మా అత్తగారు ఎన్నిసార్లు వచ్చారో. ఎవరికీ ఏమీ కాలేదు.

నెల్లూరు_పెద్దారెడ్డి
తెలగపిండి, వాము, కాయం తీసుకెళ్లనిస్తారా?

ఐ94_గురూ
పొడులు సీలు వేసిన ప్యాకెట్లలో పెట్టి, కస్టమ్స్‌లో దాచకుండా చెప్పండి. నాన్‌వెజ్ పచ్చళ్లు మాత్రం ఇండియా నుంచి రానివ్వరు. దాచి దొరికితే ఫైన్.

పల్నాటి_కోడలు
తెలగపిండి దాకా వెళ్లారు గానీ ఒక్కరు కూడా అడగలేదు, అక్కగారి నాన్నగారి మాటేంటని. నా సంగతి చెబుతాను. మా అత్తగారు అమెరికాలో పెద్దకొడుకు పిల్లలిద్దరికీ వెళ్లి ఆరేసి నెలలు ఉండి వచ్చారు. నేను నరసరావుపేటలో సిజేరియన్ అయి ఇంటికొచ్చాక పదకొండో రోజు స్నానం అవగానే "మీ అమ్మ ఉందిగా" అని వెళ్లిపోయారు. మా అమ్మ అప్పటికే పక్షవాతంతో మంచంలో ఉంది. అమెరికా బిడ్డ అయితే పెద్ద పని, ఇక్కడి బిడ్డ అయితే మామూలు పని. పైగా అత్తగారు అక్కడున్నన్నాళ్లూ మామగారి అన్నం, మందులు, పొలం కౌలు లెక్కలు అన్నీ నా మీదే. పండక్కి ఫోన్ చేసి "నాన్న ఎలా ఉన్నారు" అంటే సరిపోతుంది వాళ్లకు.

ఫ్రిస్కో_నాన్న
మీ ఇంటి బాధ వేరు, అక్క ఇంటి సంగతి వేరు. కృష్ణలంక అక్కా, మీరు విజయవాడలోనే ఉన్నారు కదా. నాన్నగారిని ఆరు నెలలు మీరు చూసుకోలేరా? 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టం కూడా కొడుకూ కూతురూ అని తేడా చూపలేదు. మీ తమ్ముడు ఊరికే పిలవడం లేదు, ఆపదలో పిలుస్తున్నాడు.

పల్నాటి_కోడలు
చట్టం గుర్తొచ్చిందా? ఆస్తిలో ఆడపిల్లకు సమాన హక్కు ఎన్టీఆర్ హయాంలోనే మన రాష్ట్రంలో వచ్చింది, 2005లో దేశమంతా వచ్చింది. ఆ చట్టం మన ఇళ్లలో ఎంతమందికి గుర్తుంటుంది?

ఫ్రిస్కో_నాన్న
మనవడి గురించి మాట్లాడుతుంటే ఆస్తి ఎందుకు తెచ్చారు? అక్క అడగని మాట అది. ఇండియాలో ఉన్నవాళ్లకు ఎన్నారైలంటే ఉన్న కుళ్లు ఇలాగే బయటపడుతుంది.

తెనాలి_మాస్టారు
బాబూ, కుళ్లు అనే మాట వెనక్కి తీసుకో.

వేదిక_నిర్వాహకులు
వ్యక్తిగత మాటలు ఆపండి. ఇంకొక్కసారి అంటే ఈ చర్చ మూసేస్తాం.

కృష్ణలంక_అక్క
మూయకండి, నేను చెప్పాల్సింది ఉంది. ఫ్రిస్కో తమ్ముడూ, "మీరు చూసుకోలేరా" అన్నారు. మా తమ్ముడూ అచ్చం అదే అన్నాడు. నాన్నను ఇప్పుడు చూస్తున్నది ఎవరనుకున్నారు? నెలనెలా షుగర్ టెస్టు, గుండె డాక్టరు దగ్గర క్యూ, నవంబరులో పెన్షన్‌కి లైఫ్ సర్టిఫికెట్, అన్నీ నేనే. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. 26 వారాల సెలవు చట్టంలో ఉందన్నారు. నా కాన్పుకు మా యాజమాన్యం రెండు నెలలిచ్చి, ఆ పైన రాకపోతే వేరేవాళ్లను పెట్టుకుంటామంది. అమ్మ నా దగ్గరున్నది బారసాల దాకా. అప్పుడు తమ్ముడి ఎమ్మెస్ లోన్‌కి ఇల్లు తాకట్టు పెట్టే పనుల్లో ఉన్నారు, నాన్నకు తోడు కావాలని వెళ్లిపోయింది. నేను ఏమీ అనలేదు. లోన్ వాడు తీర్చేశాడు, అది కూడా న్యాయంగా చెప్తున్నాను. నాకు ఇల్లు అక్కర్లేదు. నాకు కావాల్సింది ఒక్క ఫోన్. "అక్కా, అమ్మను తీసుకెళ్తే నాన్న సంగతి నీకు వీలవుతుందా" అని అడగాలి కదా? వాడు టికెట్ తేదీలు చూసుకుని, నాన్న నా దగ్గర ఉంటారని మరదలి పుట్టింటివాళ్లకు కూడా చెప్పేశాడు. నేను వాళ్ల నోట విన్నాను. ఇక్కడ మా అత్తమామలు కూడా మాతోనే ఉన్నారు. మా ఆయన ఏమీ అనకపోయినా ఆయన తల్లికి ఏమని చెప్పను?

తెనాలి_మాస్టారు
అమ్మా, ఈ మాట మొదట్లోనే రాయాల్సింది. రెండోసారి మా అమ్మాయి పిలిచినప్పుడు మా ఆవిడ ఒక్కతే వెళ్లింది. ఒక రాత్రి బాత్రూంలో పడ్డాను. తెల్లారి పాలవాడు పిలిస్తే పలకకపోతే పక్కింటి కుర్రాడు తలుపు పగలగొట్టించాడు. మా అమ్మాయి చెడ్డది కాదు, బంగారం లాంటిది. కానీ పెద్దవాళ్లను విడదీస్తున్నామని ఆ పిల్లల మనసుకు తట్టదు. యాభై ఏళ్లు కలిసి బతికిన వాళ్లలో ఒకరిని తీసుకెళ్తే మిగిలినవాళ్లు ఏం తింటున్నారో కూడా తెలీదు.

ఫ్రిస్కో_నాన్న
అక్కా, అడగకపోవడం తప్పే, దాన్ని నేను సమర్థించను. కుళ్లు అన్నమాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ మీ తమ్ముడి వైపు కూడా వినండి. ఇండియా రావాలంటే హెచ్‌వన్ ఉద్యోగ వీసా స్టాంపింగ్ భయం, వచ్చాక ఎప్పుడు తిరిగి వెళ్తామో తెలీదు. నాన్నగారికి ఏమైనా అయితే మొదటి విమానం ఎక్కలేమని మాకు ప్రతి రాత్రీ గుర్తొస్తుంది. బిడ్డ పుడితే ఒక్క మనిషైనా మనవాళ్లు పక్కన ఉండాలనిపిస్తుంది. అది స్వార్థమైతే స్వార్థమే.

పల్నాటి_కోడలు
స్వార్థం అనడం లేదు. ఆ బరువు ఎవరు మోస్తున్నారో లెక్క చెప్పమంటున్నాం. నాన్నగారికి మనిషిని పెట్టడానికి, మందులకు నెలనెలా ఎంత పంపుతాడో ముందు చెప్పమనండి అక్కా.

ఐ94_గురూ
నాన్నగారినీ పంపాలనుకుంటే ఒక మాట. విజిటర్ ప్లాన్లు పాత జబ్బుకు మామూలు వైద్యం కవర్ చేయవు. హఠాత్తుగా ముదిరితే కొన్ని ప్లాన్లు ఇస్తాయి, 70 దాటితే చాలావాటిలో అదీ తగ్గిపోతుంది. మీ తమ్ముడు ఆ విషయంలో అబద్ధం చెప్పలేదు.

కృష్ణలంక_అక్క
నిన్న రాత్రి ఇవన్నీ చదివాక అమ్మనే అడిగాను, ఎవరూ అడగలేదు కాబట్టి. అమ్మ అంది: "నాకు వెళ్లాలనుంది. నీకు చేయలేకపోయింది వాడికైనా చేస్తాను. కానీ మూడు నెలలే. మీ నాన్నను వదిలి సంక్రాంతికి అక్కడ ఉండను." తమ్ముడికి ఈ మాట అలాగే చెప్పాను. నాన్నకు పగలు ఒక మనిషిని పెట్టాలని, జీతం వాడు పంపాలని, రాత్రి నేను పడుకుంటానని చెప్పాను. వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత సరే అన్నాడు.

ఫ్రిస్కో_నాన్న
మూడు నెలలంటే బిడ్డకు మూడు నెలలు కూడా నిండవు అక్కా. డేకేర్ వెయిటింగ్ లిస్టులో పేరు ఇప్పుడే రాయించమనండి, లేకపోతే జనవరిలో వాళ్లకు మళ్లీ కష్టమే.

కృష్ణలంక_అక్క
వాడికి కష్టమని నాకూ తెలుసు తమ్ముడూ. జనవరి వాడు చూసుకోవాలి. లిస్టు మాట చెప్తాను.

హనుమకొండ_బుజ్జి
రిటర్న్ టికెట్ తేదీ మార్చుకునేటిది తీయమనండి అక్కా. అమ్మకు ముందే రావాలనిపిస్తే రావచ్చు.