అమ్మ మతిమరుపుకి ఆక్సిడేటివ్ స్ట్రెస్ ప్యానెల్ చేయించాలా, దండగా?

సూర్యారావుపేట_వాసి: మా అమ్మకి 71. పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోతోంది, అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతోంది. ఇక్కడ బెజవాడలో ఒక ల్యాబ్ వాళ్లు ఒంట్లో ఆక్సీకరణ దెబ్బ (ఆక్సిడేటివ్ స్ట్రెస్) చూపించే ఎండీఏ, దాన్ని అడ్డుకునే గ్లూటాథయోన్, ఎస్‌ఓడీ కలిపి రక్తపరీక్షల ప్యాకేజీ అంటున్నారు. డిమెన్షియా ముందే తెలిసిపోతుందట. నాన్నేమో చేయించాల్సిందే అంటున్నారు.

బ్రాడీపేట_బయోకెమ్: వద్దండీ. ఎండీఏ అంటే మాలాన్‌డైఆల్డిహైడ్, కొవ్వులు ఆక్సీకరణ చెందాక మిగిలే పదార్థం. డిమెన్షియాల్లో ఎక్కువగా కనిపించే అల్జీమర్స్ ఉన్నవాళ్ల రక్తంలో ఇది సగటున ఎక్కువని చాలా అధ్యయనాల్లో తేలింది, కాదనను. కానీ షుగర్ ఉన్నా పెరుగుతుంది, సిగరెట్ తాగినా పెరుగుతుంది. అసలు కొలిచే తీరే చూడండి. ఎక్కువగా వాడే టీబార్స్ పద్ధతిలో సీరంలో థయోబార్బిట్యూరిక్ ఆమ్లం కలిపి వేడి చేస్తారు. గులాబీ రంగు వస్తుంది. అదెంత చిక్కగా ఉందో 532 నానోమీటర్ల దగ్గర చదువుతారు. వేరే ఆల్డిహైడ్లు కూడా ఆ లెక్కలో కలిసిపోతాయి, వేడికి కొంత ఎండీఏ అప్పటికప్పుడే పుడుతుంది కూడా. ఇక మే నెల ఎండలో బైకు డబ్బాలో ఊరంతా తిరిగొచ్చిన శాంపిల్ సంగతి మీరే ఊహించుకోండి.

కృష్ణలంక_కుర్రోడు: మెదడు ఒంటి బరువులో 2 శాతమే, ఆక్సిజన్ మాత్రం 20 శాతం లాగేస్తుంది. ముసలితనానికి ఫ్రీ రాడికల్సే (కణాల్ని ఆక్సీకరణతో దెబ్బతీసే అణువులు) కారణమని డెన్హామ్ హార్మన్ 1956లోనే రాశాడు. ఎండీఏ ఎక్కువుంటే ఆ ఆక్సీకరణని అడ్డుకునే విటమిన్ ఈ మొదలుపెట్టొచ్చుగా?

బ్రాడీపేట_బయోకెమ్: రక్తంలో కనిపించిన ఎండీఏ మెదడుదో, కాలేయానిదో ఎలా తేలుస్తావు తమ్ముడూ? 2012లో గాలస్కో బృందం అల్జీమర్స్ రోగులకు విటమిన్ ఈ, సీ, ఆల్ఫా లైపోయిక్ యాసిడ్ 16 వారాలు ఇచ్చి, వెన్నులోంచి నీరు తీసి చూసింది. ఆక్సీకరణ దెబ్బకి గుర్తైన ఎఫ్2 ఐసోప్రోస్టేన్ తగ్గింది. అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే ప్రొటీన్లు అమిలాయిడ్, టౌ మాత్రం కదల్లేదు. జ్ఞాపకశక్తి స్కోరు ఆ మందులు వాడినవాళ్లకే ఇంకా త్వరగా పడింది.

గుంటూరు_అక్క: ఒక పక్కే చెప్తున్నారు. 2014లో అమెరికా మాజీ సైనికుల మీద చేసిన ట్రయల్‌లో రోజుకి 2000 యూనిట్ల విటమిన్ ఈ ఇస్తే, సొంత పనులు చేసుకునే శక్తి తగ్గిపోవడం నెమ్మదించింది.

బ్రాడీపేట_బయోకెమ్: అవునక్కా, కానీ వాళ్లకి అల్జీమర్స్ అప్పటికే ఉంది. ఎండీఏ చూసి ఎంచుకున్నవాళ్లు కాదు. జబ్బు ముదరకముందు, మతిమరుపు దశలో ఇచ్చి చూసిన 2005 ట్రయల్‌లో ఏ లాభమూ కనపడలేదు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకి అంత డోసు ప్రమాదం కూడా.

ముందు బీ12, థైరాయిడ్ చూపించండి. వాటివల్ల వచ్చిన మతిమరుపైతే మందులతో తగ్గే అవకాశం ఉంది. రక్తపరీక్షే కావాలంటే పీటౌ217 (టౌ ప్రొటీన్‌లో ఒక రూపం) ఆధారంగా ఒకదానికి అమెరికా ఎఫ్‌డీఏ 2025 మేలో అనుమతిచ్చింది. అదీ లక్షణాలుండి స్పెషలిస్టుల దగ్గర చూపించుకునే, 55 ఏళ్లు నిండినవాళ్లకే.

కృష్ణలంక_కుర్రోడు: ఆ పీటౌ కూడా ఒకప్పుడు రీసెర్చి పరీక్షేగా. ఎండీఏకీ ఆ రోజు రావచ్చు.

బ్రాడీపేట_బయోకెమ్: రానివ్వు. అప్పుడు డబ్బు కడదాం.

సూర్యారావుపేట_వాసి: బీ12, థైరాయిడ్‌కి రేపు పొద్దున్నే ఇస్తున్నాం. నాన్న మాత్రం ఆ ప్యాకేజీ కాగితం ఇంకా జేబులోంచి తీయలేదు.