డ్యాక్ నేరుగా పవర్ యాంప్‌కు కలిపాను, మధ్యలో ప్రీయాంప్ పెడితే మెరుగవుతుందా?

సత్యనారాయణపురం శ్రోత
అందరికీ నమస్కారం. మాది విజయవాడ. 12 x 14 అడుగుల హాలు, 88 డెసిబెల్ సెన్సిటివిటీ ఉన్న స్పీకర్లు, వాటిని నడిపే 100 వాట్ల పవర్ యాంప్. డ్యాక్‌లోనే (ఫోనులోని డిజిటల్ పాటను మామూలు సిగ్నల్‌గా మార్చే పెట్టె) వాల్యూమ్ ఉంది కాబట్టి దాన్ని నేరుగా పవర్ యాంప్‌కు కలిపి రెండేళ్ళుగా వింటున్నాను. పోయిన వారం ఒక స్నేహితుడు తన వాల్వ్ ప్రీయాంప్ (పవర్ యాంప్‌కు ముందు సిగ్నల్‌ను పెంచి, వాల్యూమ్ సరిచేసే పెట్టె; పాత రేడియోల్లోలా గాజు వాల్వులతో పనిచేసేది) తెచ్చి మధ్యలో పెట్టాడు. ఘంటసాల పద్యాలు వింటే గొంతు నిండుగా, ముందుకొచ్చి పాడుతున్నట్టు అనిపించింది. అమ్ముతానంటున్నాడు, 65 వేలు. ఇంట్లో ఇంకా చెప్పలేదు. తీసుకోమంటారా, వద్దంటారా?

రిటైర్డ్ టెలికాం
వద్దు. లెక్క చెబుతాను, చూడండి. మీ డ్యాక్ 2 వోల్టులు ఇస్తుంది. సీడీ ప్లేయర్ల కాలం నుంచీ అదే లెక్క. మీ పవర్ యాంప్ 100 వాట్లకు చేరాలంటే సుమారు 1.2 వోల్టులు చాలు, మాన్యువల్‌లో ఇన్‌పుట్ సెన్సిటివిటీ అని రాసి ఉంటుంది. ఆ హాల్లో మామూలుగా వినేటప్పుడు మీరు వాడేది ఒక వాట్ కూడా ఉండదు. ఒక వాట్‌కు యాంప్ ఇన్‌పుట్‌లో 0.12 వోల్టు సరిపోతుంది. అంటే వచ్చిన సిగ్నల్‌ను మీరు ఇప్పటికే బాగా తగ్గించి వింటున్నారు. ప్రకాశం బ్యారేజీ నిండుగా ఉంది, గేటు ఎంత ఎత్తాలన్నదే మన పని. ఎగువన మోటారు పెట్టి మళ్ళీ నీళ్ళు తోడి పోయడం దేనికండీ?

పాత రోజుల్లో ప్రీయాంప్ తప్పనిసరి. ఎల్పీ ప్లేయర్‌లో సూది ఉండే కార్ట్రిడ్జ్ ఇచ్చేది 4, 5 మిల్లీవోల్టులు. దాన్ని నూరు రెట్లు పెంచాలి, రికార్డు కోసేటప్పుడు తగ్గించిన బేస్‌ను తిరిగి నిలబెట్టాలి. మీకు ఆ అవసరం లేదు.

లబ్బీపేట 78
ఎల్పీ ప్లేయర్ కొనే ఆలోచన ఉంటే మాత్రం ఫోనో స్టేజ్ (టెలికాం గారు చెప్పిన ఆ పెంచే పని చేసేది) ఎటూ కావాలి.

బ్రాడీపేట వాల్వ్
శ్రోత గారూ, చెవితో విన్నది మీరు. మీకు బాగుంది. ఇక లెక్క దేనికి? గుంటూరులో మా ఇంట్లో ఇరవై ఏళ్ళుగా వాల్వ్ ప్రీయాంప్ ఉంది. తీసేసి వింటే పాట గోడకు అతుక్కుపోయినట్టు ఉంటుంది.

టెలికాం గారి సలహా ఎలా ఉంటుందో అనుభవించి చెబుతున్నాను. మూడేళ్ళ కిందట ఇక్కడే ఆయన "ప్రీయాంప్ దండగ, పెట్టెలో ఒక వాల్యూమ్ పాట్ పెట్టుకోండి, ఏదైనా పర్లేదు" అని రాశారు. నమ్మి ప్రీయాంప్ తీసేసి ఆ పాట్ (తిప్పితే శబ్దం పెరిగి తగ్గే రెసిస్టర్) పెట్టించాను. తాళం చిప్పలు తడి గుడ్డ కప్పి కొట్టినట్టు వినిపించాయి. వీణ మీటులో పదును పోయింది. చెవులకే ఏమన్నా అయిందేమోనని డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళాను.

రిటైర్డ్ టెలికాం
మీ కేబుల్ పొడవెంత?

బ్రాడీపేట వాల్వ్
6 మీటర్లు. ర్యాక్ ఒక గోడకు, పవర్ యాంప్‌లు స్పీకర్ల పక్కన. అయితే?

రిటైర్డ్ టెలికాం
అయితేనా? అంతా అక్కడే ఉంది. పాట్ విలువ ఎంత పెట్టారు?

బ్రాడీపేట వాల్వ్
100 కె, అంటే 100 కిలో ఓమ్స్. షాపులో అదే ఉంది.

రిటైర్డ్ టెలికాం
100 కె పాట్‌ను సిగ్నల్ సగమయ్యే చోట ఉంచితే అవుట్‌పుట్ ఇంపీడెన్స్ (సిగ్నల్‌కు ఎదురయ్యే అడ్డు) 25 కె అవుతుంది. మామూలు కేబుల్‌కు మీటరుకు 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ (ఆ అడ్డుతో కలిసి పై శబ్దాలను తగ్గించే గుణం) వేసుకున్నా మీ ఆరు మీటర్లకు 600. ఈ రెండూ కలిస్తే 10 కిలోహెర్ట్జ్ దాటేసరికే 3 డెసిబెళ్ళు పడిపోతుంది. తాళం చిప్పల మెరుపు ఉండేది ఆ పైనే. అదే 10 కె పాట్ పెట్టి ఉంటే ఇంపీడెన్స్ రెండున్నర కె మించేది కాదు, ఆ పడిపోవడం 100 కిలోహెర్ట్జ్ దాటాక ఎక్కడో ఉండేది, మీకు వినపడేదే కాదు. తప్పు ప్రీయాంప్ లేకపోవడంలో లేదు, పాట్‌లో ఉంది.

బ్రాడీపేట వాల్వ్
"ఏదైనా పర్లేదు" అన్నది ఎవరు మరి?

రిటైర్డ్ టెలికాం
నేను అలా రాయను.

బ్రాడీపేట వాల్వ్
రాశారు. ఆ మాట కింద అతికిస్తున్నాను:
"10 కె, 50 కె, 100 కె ఏదైనా పర్లేదు, 1500లో అయిపోతుంది."

తెనాలి కుర్రాడు
ఎర్తింగ్ చూపించుకున్నారా శ్రోత గారూ? నాకు ప్రీయాంప్ పెట్టిన రోజు నుంచి హమ్ (స్పీకర్లలో గుయ్యిమనే శబ్దం) మొదలైంది. అంతకుముందు లేదు.

పటమట పాటలు
65 వేలు ఉంటే స్పీకర్ల మీద పెట్టండి. తేడా అక్కడే తెలుస్తుంది.

రిటైర్డ్ టెలికాం
రాశాను. అప్పుడు కేబుల్ పొడవు అడగకుండా రాశాను, అది నా తప్పే. కానీ బ్రాడీపేట గారు ఆ ఒక్కటి పట్టుకుని అసలు ప్రశ్నను పక్కకు తోస్తున్నారు. శ్రోత గారి డ్యాక్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్ 100 ఓమ్స్ ఉంటుందేమో. దానికి 6 మీటర్లు కాదు, 20 మీటర్లైనా లెక్క కాదు. బ్రాడీపేట గారూ, మీకు వాల్వ్ ప్రీయాంప్ పనిచేసింది అది 'సంగీతం పెంచినందుకు' కాదు, ఆ పాట్ చేసిన నష్టం తీరినందుకు.

బ్రాడీపేట వాల్వ్
నా ఇంట్లో నేను ఏం విన్నానో కూడా మీరే చెబుతారా? పాట్ పెట్టక ముందు పదిహేడేళ్ళు అదే ప్రీయాంప్‌తో విన్నాను. ఎవరు ఏం అడిగినా మీది ఒకటే మాట, "మీ చెవి భ్రమ పడింది". పెద్దవారని ఊరుకుంటున్నాను.

రిటైర్డ్ టెలికాం
భ్రమ అనే మాట నేను వాడలేదు. అయినా సరే, నా సంగతీ వినండి. సర్వీసులో ఉండగా ఒక షాపులో ప్రీయాంప్ డెమో విన్నాను. ఒళ్ళు జలదరించింది. అమ్మాయి హాస్టల్ ఫీజుకు దాచిన 40 వేలు పెట్టి తెచ్చాను. ఇంటికొస్తే ఏమీ లేదు. పైగా సన్నగా హమ్. మళ్ళీ వెళ్ళి అదే డెమో పెట్టించి, ఈసారి మల్టీమీటర్ తీసుకెళ్ళాను. ప్రీయాంప్ ఉన్నప్పుడు శబ్దం ఎక్కువ పెట్టి వినిపించారు, అంతే. ఒక డెసిబెల్ పెరిగితే 'పెద్దగా ఉంది' అనిపించదు, 'బాగుంది' అనిపిస్తుంది. వెనక్కి తీసుకోమంటే తీసుకోలేదు. ఆ ఏడాది ఫీజు అప్పు చేసి కట్టాను. అప్పటి నుంచి ఎవరు 65 వేలు అన్నా నాకు మా అమ్మాయి మొహమే కనపడుతుంది. అందుకే గట్టిగా రాస్తాను.

శ్రోత గారూ, 400 హెర్ట్జ్ టోన్ పెట్టి స్పీకర్ టెర్మినల్స్ దగ్గర మల్టీమీటర్‌తో రెండు విధాలా వోల్టేజీ కొలవండి. సమానం చేశాక వినండి.

బ్రాడీపేట వాల్వ్
ఆ షాపు చేసింది అన్యాయమే. కాదనను.

కానీ నేను చెప్పేది వేరు. మా నాన్న 1962లో వాల్వ్ రేడియో కొన్నారు. పోస్టాఫీసులో ఏటా డబ్బు కట్టిన లైసెన్సు పుస్తకం ఇప్పటికీ బీరువాలో ఉంది. పొద్దున్నే విజయవాడ కేంద్రం పెడితే దాని డయల్ లైటు పసుపుగా వెలిగేది, అర నిమిషానికి గానీ గొంతు వచ్చేది కాదు. భక్తిరంజని ఆ గొంతుతోనే నా చెవిలో ఉంది. నాకు కావలసింది ఆ గొంతు. ప్రీయాంప్‌తో అది వస్తుంది. మీ నేరు కనెక్షన్‌తో రాదు.

రిటైర్డ్ టెలికాం
ఆ రేడియో గొంతు వాల్వులది ఒక్కటే కాదు. చెక్క పెట్టె, ఒకే స్పీకరు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ అన్నీ కలిస్తే వచ్చింది. ఇక ప్రీయాంప్‌లోని వాల్వు కలిపేది ముఖ్యంగా రెండో హార్మోనిక్. షడ్జమం పాడితే పై స్థాయి షడ్జమం ఒక చెంచాడు కలుస్తుంది. అపస్వరం కాదు కాబట్టి చెవికి ఇంపుగానే ఉంటుంది. కానీ అది గాయకుడు పాడింది కాదు, పెట్టె కలిపింది. 'నాకు ఇది ఇష్టం' అనండి, ఒప్పుకుంటాను. 'మెరుగైంది' అనకండి. మెరుగు అంటే రికార్డులో ఉన్నదానికి దగ్గర కావడం.

బ్రాడీపేట వాల్వ్
ఇన్నాళ్ళకు అసలు మాట వచ్చింది. రికార్డులో ఉన్నది ఏమిటో మీకెలా తెలుసు? ఆ స్టూడియోలో మీరు లేరు, నేను లేను. ఇంట్లో కూర్చుని వినేవాడికి పాట దగ్గరైతే అదే మెరుగు. తాంబూరా స్వరం పాడేవాడిది కాదు కదా, అది తీసేసి పాడమంటామా?

రిటైర్డ్ టెలికాం
తాంబూరా పాడేవాడు పెట్టుకున్నాడు. మీ వాల్వు మీరు పెట్టారు. ఈ తేడా నాకు ముఖ్యం, మీకు కాదు. ఇక్కడ మనం కలవం.

సత్యనారాయణపురం శ్రోత
ఇద్దరికీ దండాలు. కొలిచాను. నేను మొదట విన్నప్పుడు ప్రీయాంప్‌తో 1.19 వోల్టులు, లేకుండా 1.00. అంటే ఒకటిన్నర డెసిబెల్ ఎక్కువ. సమానం చేసి, మా ఆవిడను ర్యాక్ వెనక నిలబెట్టి, ఏది పెట్టిందో చెప్పకుండా 12 సార్లు మార్పించాను. 7 సార్లు సరిగ్గా చెప్పాను. బొమ్మ బొరుసు వేసినా దాదాపు అంతే వచ్చేది. పద్యాల్లో గొంతు ముందుకు రావడం ఈసారి దొరకలేదు. వెతికాను, నిజంగా వెతికాను.

కానీ ఇంకో సంగతి జరిగింది. మొన్న తెల్లవారుజామున కరెంటు పోయి వచ్చింది. డ్యాక్ పాత వాల్యూమ్ గుర్తు పెట్టుకోదు, పూర్తి 2 వోల్టులకు వచ్చేసింది. అమ్మ సుప్రభాతం పెట్టింది. ఫోను ఆపడం ఆమెకు తెలియదు, స్పీకర్ల మధ్య చెవులు మూసుకుని నిలబడిపోయింది. నేను పరుగెత్తుకొచ్చి మెయిన్ స్విచ్ కట్టేశాను. ఊఫర్ బతికింది. అమ్మ చేతులు చాలాసేపు వణికాయి. "తిప్పేది ఒకటి పెట్టరా" అంది.

తెనాలి కుర్రాడు
అయ్యో. అమ్మగారు ఎలా ఉన్నారు ఇప్పుడు?

సత్యనారాయణపురం శ్రోత
బాగానే ఉంది. కానీ ఇప్పుడు ఆ సిస్టమ్ దగ్గరికి రావడం లేదు.

రిటైర్డ్ టెలికాం
ఈ ప్రమాదం నేను మొదటే చెప్పాల్సింది. వోల్టుల లెక్కలో పడి వదిలేశాను. మీకు నాబ్ కావాలి, నిజమే. గెయిన్ (సిగ్నల్ పెంచడం) అక్కర్లేదు. 10 కె పాట్, టీవీకి డ్యాక్‌కు మారే సెలెక్టర్ స్విచ్ ఒకటి, చిన్న అల్యూమినియం పెట్టె. నాబ్ పెద్దది వేస్తాను, అమ్మగారి చేతికి పట్టు దొరకాలి. ఆదివారం నేనే తెచ్చి బిగిస్తాను.

బ్రాడీపేట వాల్వ్
ముందు ఆయన కేబుల్ పొడవు, పవర్ యాంప్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్ అడిగి ఆ తర్వాత పాట్ కొనండి మాస్టారూ.

శ్రోత గారూ, మీ స్నేహితుడి ప్రీయాంప్ ఆదివారం దాకా ఉంచండి. గుంటూరు నుంచి నేనూ వస్తాను. సమానం చేసే పెడదాం, అమ్మగారిని విననిద్దాం.

సత్యనారాయణపురం శ్రోత
కేబుల్ మీటరున్నర. ఇన్‌పుట్ ఇంపీడెన్స్ 47 కె అని వెనక రాసి ఉంది. ఇద్దరూ రండి, భోజనం ఇక్కడే.