దుకాణం ఎదగాలంటే ముందు సేటు మారాలా? ఉద్దెర మీద చర్చ

హాలియా హార్డ్‌వేర్:
నాది పైపులు, మోటార్ సామాన్ల షాపు. మొన్న నల్గొండలో చిన్న వ్యాపారులకు శిక్షణ క్లాసు పెడితే పోయొచ్చాను. అక్కడ క్లాసు చెప్పిన సార్ మాట ఏంటంటే, ఉద్దెర పెరిగిపోతోందంటే తప్పు మార్కెట్‌ది కాదు, మన లోపలిదేనట. కాదని చెప్పలేని మనిషి వ్యాపారం పెంచలేడట. హాలంతా చప్పట్లు. నాకు మాత్రం మింగుడు పడలేదు. మాది సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు. వడ్ల పైసలు చేతికొస్తేనే రైతు నాకు కడతాడు. నేను మారితే వడ్లు ముందే పండుతాయా? మీరేమంటారు?

పాలమూరు ఫ్యాన్సీ:
వినడానికి కటువుగా ఉన్నా ఆ సార్ చెప్పింది నిజమే అన్నా. మా బజారులో పక్కపక్కనే రెండు షాపులున్నాయి. సరుకూ గిరాకీ ఒకటే. ఒకాయన నవ్వుతూనే "ఈసారి నగదే" అంటాడు. రెండో ఆయన నోరు పెగలక సామాను కట్టిచ్చి, రాత్రి ఇంట్లోవాళ్ల మీద అరుస్తాడు. తేడా మొహమాటంలో తప్ప ఇంకెక్కడుంది? ఫోన్‌పే వచ్చాక చిల్లర లేదనే సాకు కూడా పోయింది.

దేవరకొండ కిరాణం:
ఫ్యాన్సీ తమ్ముడూ, గాజులూ క్లిప్పులూ నగదుకే అమ్మొచ్చు. బియ్యం, నూనె సంగతి వేరు. మా వైపు చాలా ఊళ్లకు కాలువ నీళ్లు కూడా లేవు, వాన మీద పత్తి. జూన్‌లో గింజ పెడితే తొలి ఏరుడుకు దసరా రావాలి. అన్ని నెలలూ ఇంటికి ఉప్పూ పప్పూ ఎవరిస్తారు? ఏడాదికి ఒకటి రెండుసార్లే పైసలు చూసే ఊర్లో ఉద్దెర ఆపలేకపోవడం నా స్వభావ దోషమంటే నేనొప్పుకోను.

ఇంకో లెక్క చూడండి. చిన్న తయారీదారు దగ్గర సరుకు కొంటే, రాసుకున్న ఒప్పందం ఉన్నా సరే 45 రోజుల్లో డబ్బు కట్టాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం చెబుతుంది. ఒప్పందం లేకపోతే 15 రోజులే. మరి ఊళ్లో మనకు రావాల్సిన బాకీకి ఆ చట్టం పనికొస్తుందా? రాదు. చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ నమోదు వ్యాపారులకూ ఉన్నా అది బ్యాంకు అప్పుల వరకే. అటు 45 రోజులు, ఇటు ఐదు నెలలు. మధ్య ఖాళీకి కావాల్సింది పెట్టుబడి. క్లాసులో చప్పట్లు కొట్టించే బదులు, ముద్రా పథకం కింద 50 వేలు దాటిన అప్పుకు కాగితాలు ఎట్లా పెట్టాలో చెప్పి ఉంటే పుణ్యం వచ్చేది.

నారాయణపేట చీరలు:
ఇద్దరూ ఉద్దెర ఇవ్వాలా వద్దా అనే దగ్గరే ఆగిపోయారు. మా దగ్గర పెండ్లి చీరలకు ఉద్దెర అడగనివాళ్లు తక్కువ, మేం ఇస్తాం కూడా. కానీ రాసి, సంతకం పెట్టించి ఇస్తాం. చాలామంది ఖాతా పుస్తకంలో ఉండేది సేటు చేతిరాత ఒక్కటే. పేచీ వస్తే అదొక్కటే చాలదు. గడువు అనుకోకుండా ఇచ్చిన సరుకు బాకీకి, సరుకు ఇచ్చిన రోజు నుంచి మూడేళ్లలోపే దావా వేయాలి. ఆ మూడేళ్లు దాటకముందే "ఇంత బాకీ ఉన్నాను" అని రాసి సంతకం చేస్తే, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. కోర్టుకు పొమ్మని కాదు. సంతకం పెట్టిన మనిషి బజారులో మనల్ని చూసి తప్పుకోవడం తగ్గుతుంది, అంతే.

హాలియా హార్డ్‌వేర్:
అక్కా, మాట బాగుంది. కానీ చిన్నప్పటి నుంచి బాబాయ్ అని పిలిచిన పెద్దమనిషి ముందు పుస్తకం తిప్పి "ఇక్కడ సంతకం పెట్టు" అనడం ఎట్లా? మా దగ్గర అది నమ్మలేదని మొహం మీద అన్నట్టే.

పాలమూరు ఫ్యాన్సీ:
చూశారా! తిరిగి తిరిగి మొహమాటం దగ్గరికే వచ్చారు. మారాల్సింది సేటే అని నేనన్నది ఇదే కదా.

దేవరకొండ కిరాణం:
సగమే ఒప్పుకుంటా. సంతకం అడగడానికి గుండె కావాలి, నిజమే. అడిగినంత మాత్రాన పత్తి ముందే రాదు, బ్యాంకు మేనేజర్ కరగడు. ఎట్లాగూ అడగదలిస్తే ఒక్కరినే అడగొద్దు. చిన్నాపెద్దా అందరికీ ఒకటే పద్ధతి పెడితే ఎవరూ అవమానంగా అనుకోరు. మొదటి సంతకం సొంత బామ్మర్దితోనే పెట్టించాలి.

నారాయణపేట చీరలు:
మేం చేసిందీ అదే. మొదట్లో గొణిగారు, ఇప్పుడు వాళ్లే పుస్తకం అడుగుతున్నారు. ఎంత కట్టారో, ఎంత మిగిలిందో వాళ్లకూ తెలుస్తుంది కదా. సేటు పెన్ను మీద అనుమానం వాళ్లకు మాత్రం ఉండదా?

హాలియా హార్డ్‌వేర్:
ఈ యాసంగి నుంచి మొదలుపెడతా. ఒక్క చిక్కు మిగిలింది. నా దగ్గర పైపులు తీసుకునేవాళ్లలో కౌలు రైతులు ఎక్కువ. వడ్ల పైసలు ఒక్కోసారి పట్టాదారు ఖాతాలో పడతాయి. అప్పుడు సంతకం ఎవరిది పెట్టించాలి?

నారాయణపేట చీరలు:
సామాను తీసుకున్నది కౌలుదారు, బాకీ ఆయనదే, సంతకమూ ఆయనదే. పట్టాదారు హామీ ఉంటానంటే ఆయనతో వేరేగా రాయించుకోండి. మాటవరసకు "నేనున్నాలే" అంటే ఒప్పుకోకండి.

దేవరకొండ కిరాణం:
ఆ పట్టాదారు హైదరాబాద్‌లో ఉంటే?