బాలు గారిని పిల్లలకు ఎలా పరిచయం చేయాలి: పాటతోనా, నటనతోనా, 'పాడుతా తీయగా'తోనా?

ఒంగోలు శ్రోత
మా అమ్మాయికి పదకొండేళ్లు. కొంతకాలంగా సంగీతం నేర్చుకుంటోంది. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి పాటలు ఇంట్లో పొద్దస్తమానం మోగుతూనే ఉంటాయి. ఆయన సినిమాల్లో నటించారని, టీవీలో 'పాడుతా తీయగా' పేరుతో పిల్లలకు పాటల పోటీలు నడిపారని చెబితే మాత్రం ఆశ్చర్యపోయింది. 2020 సెప్టెంబరు 25న ఆయన కన్నుమూసే నాటికి తను మరీ చిన్నది. పాటతో పాటు మనిషి కూడా తనకు తెలియాలని నా కోరిక. ఎక్కడ మొదలుపెట్టమంటారు? మీ ఇళ్లలో పిల్లలకు ఎలా పరిచయం చేశారు? మీకు ఆయన ఎలా పరిచయమయ్యారు?

పెన్నా తీరం
నేనైతే హరికథ దగ్గర మొదలుపెడతాను. ఆయన తండ్రి సాంబమూర్తి గారు హరికథా కళాకారులు. హరికథలో పాట, నటన విడివిడిగా ఉండవు. చేతిలో చిడతలు, కాళ్లకు గజ్జెలు కట్టుకుని నిలబడిన ఒక్క మనిషే కాసేపు రాముడవుతాడు, కాసేపు శూర్పణఖ అవుతాడు. నడుమ ఓ పిట్టకథ చెప్పి జనాన్ని నవ్వించి, ఆ నవ్వులు ఆగకముందే పద్యం ఎత్తుకుంటాడు. చిన్నప్పుడు మా తాతగారి వెంట రాత్రిళ్లు ఇలాంటి కథలకు వెళ్లినవాడిని. అందుకే టీవీలో బాలు గారు పాటకూ పాటకూ మధ్య కబుర్లు చెబుతుంటే నాకు హరికథ చెప్పే ఆ భాగవతార్లే గుర్తొచ్చేవారు.

నెల్లూరు తిప్పరాజువారి వీధిలోని తమ ఇంటిని ఆయన 2020 ఫిబ్రవరిలో వేదపాఠశాల కోసం కంచి పీఠానికి అప్పగించారు. మీరు ఇటు వస్తే అమ్మాయికి ఆ వీధి చూపించండి.

తెరవెనుక గొంతు
డబ్బింగ్ పనిలో ఉన్నాను కాబట్టి ఆ సంగతి నేను చెప్పాలి. గాయకుడు డబ్బింగ్ చెప్పడం తేలికని చాలామంది అనుకుంటారు. తెర మీది మనిషి పెదవులు కలిసినచోట మన నోట ప, బ, మ లాంటి అక్షరం పడాలి. పడకపోతే చూసేవాడికి వెంటనే తెలిసిపోతుంది. అతను మెట్లెక్కుతూ మాట్లాడితే మనం మైకు ముందు కదలకుండా నిలబడి ఆ ఆయాసం తెప్పించాలి. ఇదంతా చేస్తూ మాట తెలుగు మాటలా వినిపించాలి.

'మన్మథ లీల' నుంచి కమల్ హాసన్‌కు తెలుగులో ఆయన గొంతే స్థిరపడింది. 'దశావతారం'లోని పది పాత్రల్లో ఏడింటికి ఆయనే చెప్పారు. వాటిలో ముసలావిడ పాత్ర కూడా ఉంది! 'గాంధీ' తెలుగు రూపంలో బెన్ కింగ్‌స్లేకు ఆయనదే గొంతు. 'అన్నమయ్య'లో వేంకటేశ్వరుడిగా సుమన్ పలికిన మాటలూ ఆయనవే, దానికి నంది పురస్కారం వచ్చింది. అదే సినిమాలో అన్నమయ్య పాటలు పాడినదీ ఆయనే. అంటే ఒకే సినిమాలో భక్తుడి పాట, దేవుడి మాట రెండూ ఒక్క గొంతులోంచే వచ్చాయి. కళ్లు మూసుకుని విన్నా ఇద్దరూ ఒక్కరని అనిపించదు. మీ అమ్మాయికి ముందు ఆ సినిమా చూపించి, ఆ తర్వాత ఈ సంగతి చెప్పండి.

కావేరి దగ్గర తెలుగు
నేను పుట్టి పెరిగింది బెంగళూరులో. మా వీధిలో ఆయన కన్నడ గాయకుడు! 'ఎదె తుంబి హాడువెను' అని ఈటీవీ కన్నడలో ఆయన నడిపిన కార్యక్రమం వచ్చే వేళకు మా ఇంటివాళ్లు, పక్కింటివాళ్లు అందరం ఒకే టీవీ ముందు చేరేవాళ్లం. పక్కింటి అజ్జి (అవ్వ) ఆయన తెలుగువాడంటే చివరిదాకా ఒప్పుకోలేదు. 1981 ఫిబ్రవరి 8న సంగీత దర్శకుడు ఉపేంద్రకుమార్ కోసం ఒక్కరోజే 21 కన్నడ పాటలు పాడారన్నది ఇక్కడ అందరికీ కంఠస్థం.

చినుకు
అందరూ మెచ్చుకుంటున్నచోట ఒక్క మాట అంటాను, కోపగించుకోవద్దు. 'పాడుతా తీయగా'లో ఆయన మాటలు ఎక్కువయ్యేవి. పిల్ల మూడు నిమిషాలు పాడితే, ఆ పాట వెనుక కథ అంతకు రెట్టింపు సాగేది. పైగా ఎవరినీ గట్టిగా మందలించేవారు కాదు. పోటీ అన్నాక కాస్త కటువుగా చెప్పాలి కదా.

విజయనగరం టీచరమ్మ
చినుకు గారూ, మీరు ఎక్కువ అంటున్న ఆ మాటల వల్లే నేను టీచరునయ్యాను.

ఆ కార్యక్రమం 1996లో మొదలైనప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. అప్పటిదాకా మాకు పాట అంటే హీరో పాట. ఫలానా హీరో పాట పాడు అనేవాళ్లం. బాలు గారు ప్రతిసారీ రాసిన కవి ఎవరో, బాణీ కట్టింది ఎవరో చెప్పాకే పాడనిచ్చేవారు. వారాల తరబడి వింటే ఏమవుతుంది? ఆత్రేయ రాసిన పాటకూ వేటూరి రాసిన పాటకూ తేడా మా అమ్మకు కూడా తెలియడం మొదలైంది. మా అమ్మ చదివింది ఐదో తరగతి.

ఇక మందలింపు సంగతి. ఆయన తప్పు చెప్పకుండా వదిలేవారని నేను ఒప్పుకోను. శ, ష, స కలిపేసినా, ళ బదులు ల పలికినా, 'భ'కు ఒత్తు మింగేసినా ఆగి చెప్పేవారు. ముందు బాగున్నదేదో చెప్పి, తర్వాత ఆ పంక్తిని తానే పాడి చూపించేవారు. నేను బాగా నేర్చుకున్నది ఊపిరి సంగతి. మాట మధ్యలో ఊపిరి తీసుకుంటే అర్థం రెండు ముక్కలవుతుంది. సమాసం పూర్తయ్యేదాకా ఆగాలంటే ఊపిరి ముందే దాచుకోవాలి. ఆయన ఒక పంక్తి పాడేటప్పుడు భుజాలు చూడండి, ఊపిరి తీసుకున్నట్టే కనిపించదు.

ఇంకొకటి. ఆయన చిన్నప్పుడు గురువు దగ్గర శాస్త్రీయంగా సంగీతం నేర్చుకోలేదు. 'శంకరాభరణం' పాటలకు కె.వి. మహదేవన్ గారి సహాయకుడు పుహళేంది గారు దగ్గరుండి నేర్పితే, వాటికి జాతీయ పురస్కారం తెచ్చుకున్నారు. నేర్చుకునేవాడి భయం తెలిసిన మనిషి పిల్లల్ని ఎందుకు కసురుతాడు? ఉష, గోపికా పూర్ణిమ, మల్లికార్జున్ లాంటివాళ్లు ఆ వేదిక మీది నుంచే వచ్చారు. కసరకుండానే వచ్చారు.

చినుకు
టీచరమ్మా, ఊపిరి సంగతి నేనెప్పుడూ ఆ దృష్టితో చూడలేదు. పోటీ కటువుగా ఉండాలన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

మెతుకుసీమ
నటన గురించి ఎవరూ సరిగా రాయలేదు. తెర మీదికి రాకముందే ఆయన గొంతుతో నటించారు. 'మనుషులంతా ఒక్కటే'లో అల్లు రామలింగయ్య గారికి 'ముత్యాలూ వస్తావా' పాడారు కదా, ఆ పాట వింటుంటే అల్లు గారే నోరు తిప్పుతూ పాడుతున్నట్టు ఉంటుంది. తెర మీద చూడాలంటే 'ప్రేమికుడు'లో ప్రభుదేవాకు తండ్రిగా, కానిస్టేబులుగా చూడండి. ఆ శరీరంతో కొడుకు పక్కన ఎంత హుషారుగా చిందేశారో!

నాకు అన్నిటికన్నా మిన్న 'మిథునం'. 2012లో తనికెళ్ల భరణి గారు శ్రీరమణ గారి కథను తెరకెక్కించారు. తెర మీద ఉండేది ఇద్దరే, అప్పదాసుగా బాలు గారు, బుచ్చిలక్ష్మిగా లక్ష్మి గారు. మా నాన్న, అమ్మ ఆ సినిమా చూస్తూ ఒకరినొకరు దెప్పుకున్నారు, "అచ్చం నువ్వే" అని. తిండి మీద అంత మమకారాన్ని కళ్లతో చూపించిన నటుడు నాకు ఇంకొకరు తెలియదు. పదకొండేళ్ల పిల్లకు మాత్రం చివరి భాగం బరువు. ఇంకో రెండేళ్లు ఆగండి.

పెన్నా తీరం
తమిళంలో ఆయన కథానాయకుడిగా చేసిన 'కేళడి కణ్మణి' 1990లో వచ్చింది, తెలుగులో 'ఓ పాపా లాలి'. 'మాటే రాని చిన్నదాని' అందులోదే. టీచరమ్మ చెప్పిన ఊపిరి పాఠానికి ఆ చరణాలు బాగా పనికొస్తాయి.

ఒంగోలు శ్రోత
అందరికీ ధన్యవాదాలు. 'అన్నమయ్య'తో మొదలుపెట్టి, తర్వాత 'పాడుతా తీయగా' పాత భాగాలు చూపిస్తాను, 'మిథునం' పక్కన పెడతాను. టీచరమ్మా, ఒక్క సందేహం. టీవీలో పోటీ చూసి పిల్ల వెంటనే అలాగే పాడబోతుంది. ఆపాలా, పాడనివ్వాలా?

విజయనగరం టీచరమ్మ
పాడనివ్వండి. కాకపోతే పాడేముందు ఆ పాటను నోటుపుస్తకంలో చేత్తో రాయమనండి, ఫోనులో చూసి పాడనివ్వొద్దు. పైన కవి పేరు, సంగీత దర్శకుడి పేరు రాయాలి. తెలియని మాట కింద గీత గీసి మిమ్మల్ని అడగాలి. మీకూ తెలియకపోతే ఇద్దరూ కలిసి నిఘంటువు తీయండి. తర్వాత రాగం లేకుండా, కథ చెప్పినట్టు ఒకసారి పైకి చదివించండి. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో చదువుతుంటేనే తనకు తెలిసిపోతుంది, అక్కడ పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టించండి. మా తరగతిలో ఇంతవరకూ అయ్యాకే శ్రుతిపెట్టె తీస్తాం.